కుడి పక్క సీటు

గుమ్మడికాయ దొంగ అనగానే భుజాలు తడుముకునేవాళ్ళను చాలామందిని చూసుంటారు. ఆ మాట ఎవరూ అనకముందే తడుముకునే మనిషిని చూడాలంటే మాత్రం ధర్మవరం ప్రమోదను చూడాల్సిందే.

ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం. ఆ వయసువాళ్ళు జీతం పెట్టి నగలు కొంటారు, ఫ్లాటు కొంటారు. ఈమె ఆ డబ్బంతా ఫ్లయింగ్ క్లబ్బులో పోసి, సరదాకు చిన్న విమానం నడుపుకునే లైసెన్సు తెచ్చుకుంది. ఆ లైసెన్సులో ఒక మెలిక ఉంది. దానితో తేటగా ఉన్న ఆకాశంలోనే తిరగాలి. మబ్బులోకి పోవాలంటే కిటికీ వైపు చూడడం మానేసి, ముందున్న మీటర్లను మాత్రమే చూసి నడిపే విద్య వేరే నేర్చుకోవాలి. దానికి పరీక్ష కూడా వేరే.

పోయిన ఆషాఢంలో వాళ్ళ నాయన గోవిందరాజులును పక్కన కూర్చోబెట్టుకుని, ధర్మవరాన్ని పైనుంచి చూపిస్తానని బయలుదేరింది. నలభై ఏళ్ళు గుంతమగ్గంలో కూర్చుని పట్టుచీరలు నేసిన మనిషి, భూమిని వదిలి పైకి పోవడం అదే మొదలు. పెనుకొండ దగ్గరకు వచ్చేసరికి ఎక్కడిదో మబ్బు వచ్చి మీద పడింది. అంతే, చుట్టూ తెలుపు. విమానం ముక్కు ఎడమకు, కుడికి, ఎడమకు, కుడికి ఊగడం మొదలుపెట్టింది. ఎటు తిరుగుతోందో, ఎటు ఒరుగుతోందో ప్రమోదకు అంతు చిక్కలేదు. మబ్బులోనుంచి బయటపడేసరికి కొండ రాళ్ళు రెక్క కిందనే కనిపించాయి. ఎట్లా పైకి లాగిందో, ఎట్లా దించిందో వాళ్ళ ఇంటి దేవత చౌడమ్మ తల్లికే తెలియాలి.

కిందికి దిగాక గోవిందరాజులు కక్కుకున్నాడు. మూతి కడుక్కుని, కూతురి చెయ్యి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. "మబ్బులో తిన్నంగా నడిపేది నేర్చుకో. పరీక్ష పెట్టేవాళ్ళు సరేనన్యాల. అనలేదంటే జన్మలో దాన్ని ముట్టుకోగూడదు. చౌడమ్మ మీద ఒట్టెయ్."

ఒట్టు వేసింది. విమానమంటే ఆమెకు ప్రాణం. అయినా వేసింది, ఎందుకంటే తప్పు తనదేనని నమ్మింది.

అందుకే ఇప్పుడు పది రోజుల సెలవు పెట్టి హిందూపురంలో దిగింది. పట్టుగూళ్ళ మార్కెట్టుకు అవతల, ఊరి చివర రేకుల షెడ్డులో నాగభూషణం అనే ఆయన ఈ విద్య నేర్పుతాడు. పెనుకొండ మనిషి, వాయుసేనలో పనిచేసి రిటైరైనాడు. పొద్దున షెడ్డులో సిమ్యులేటర్, మధ్యాహ్నం నుంచి నిజం విమానం, చివరి రోజు పరీక్ష. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆయన్ను పర్మిషన్ అడగాలి. సిమ్యులేటర్ అంటే మరేమీ కాదు, విమానం ముందు భాగాన్ని కోసుకొచ్చి గోడకు ఆనించినట్టు ఉంటుంది. రెండు సీట్లు, ఇద్దరికీ వేర్వేరుగా పట్టుకునే చక్రాలు, కాళ్ళకు పెడళ్ళు, ఎదురుగా పెద్ద తెర.

"చెవి లోపల నీళ్ళుంటాయమ్మా, అవి అబద్ధాలు చెప్తాయి," అన్నాడు నాగభూషణం మొదటి రోజే. "తిరగతాండావు అంటాయి, తిరగవు. తిన్నంగా ఉండావు అంటాయి, ఉండవు. ఒంటి మాట ఇనొద్దు. మీటరు మాట ఇను."

విన్నది. తెర మీద తెల్లటి మబ్బు వేస్తే మీటర్లు చూసి గీత గీసినట్టు నడిపింది. విమానంలో కళ్ళ మీదికి ముసుగు టోపీ పెట్టి, బయట ఏమీ కనపడకుండా చేసినా నడిపింది. మూడో రోజుకే ఆయన "భేష్" అన్నాడు. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవాళ్ళు. ఈమెకు దిగులు పట్టుకుంది.

"ఇంత బాగా వస్తే ఆ పొద్దు ఎందుకు ఊగింది సార్?"

"గాలేమో."

"గాలైతే ఒక లెక్క లేకుండా కొడుతుంది కదా. అది ఎడమ, కుడి, ఎడమ, కుడి, తాళం వేసినట్టు ఊగింది."

సరే చూద్దామని ఆయన సిమ్యులేటర్లో గాలి పెట్టాడు. ఊగింది గానీ అట్లా ఊగలేదు. ఇంజను జోరు తగ్గించాడు, మీటరు చెడగొట్టాడు, రెక్క మీద బరువు పెంచాడు. ఏం చేసినా ఆ ఊపు మాత్రం రాలేదు. ఆయనకూ అయోమయం, ఆమెకూ అయోమయం. కొండంత అనుభవం ఉన్న మనిషి తల గోక్కుంటుంటే ప్రమోదకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. కారణం తెలియని తప్పును ఎట్లా దిద్దుకోవడం? రేపు మళ్ళీ మబ్బులో అదే వస్తే?

ఆ అనుమానం పురుగులా తొలిచేసింది. ఏడో రోజుకు మీటరు తిన్నగా ఉందని చెబుతున్నా నమ్మలేకపోయింది. ఊగుతోందేమోనని అటు తిప్పింది, ఎక్కువైందని ఇటు తిప్పింది. ఎనిమిదో రోజు నిజం విమానంలో ఎత్తు తప్పింది, దిక్కు తప్పింది, రన్‌వే ఒక పక్కనుంటే ఆమె ఇంకో పక్కకు దింపబోయింది. నాగభూషణం చక్రం లాక్కుని తానే దించాడు.

"ఇట్లుంటే ఎల్లుండి పరీక్షకు నేను సంతకం పెట్టను," అన్నాడు కిందికి దిగి. "నీకు చెయ్యి రాక కాదు. మొన్న వచ్చినదే, ఈ పొద్దు పోయింది. ఏమైతాండాదో నాకు అర్థం కాలేదు తల్లీ."

ఆయనకే అర్థం కాకపోతే తనకేం అర్థమవుతుంది! లాడ్జీ గదిలో తలుపు వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంక ఒకే ఒక్క రోజు. ఆ తర్వాత ఒట్టు, ఒట్టు తర్వాత జన్మంతా నేల.

తొమ్మిదో రోజు పొద్దున్నే ధర్మవరం నుంచి రైల్లో గోవిందరాజులు దిగబడ్డాడు, క్యారియర్ నిండా ఉగ్గాని, బజ్జీలు పట్టుకుని. ఫోనులో కూతురి గొంతు బాగాలేదని వచ్చాడు. షెడ్డులో ఇంకో కుర్చీ లేదు. "రాప్పా, ఈడ కూర్చో, నీ కూతురి పని చూద్దువు," అని నాగభూషణం ఆయన్ను సిమ్యులేటర్ కుడి పక్క సీట్లోకి ఎక్కించి, తాను వెనక కంప్యూటరు దగ్గరకు పోయాడు.

తెర మీద పెనుకొండ కొండ వచ్చింది. కొంతసేపటికి మబ్బు వేశాడు. మొత్తం తెలుపు.

విమానం ముక్కు ఎడమకు పోయింది. కుడికి పోయింది. ఎడమకు, కుడికి.

"ఇదే సార్!" ప్రమోద కేక పెట్టింది. "ఇదే! అచ్చం ఇట్లే ఊగింది! ఏం మార్చినారు?"

"నేనేం మార్చలేదే!" నాగభూషణం కుర్చీలోనుంచి లేచాడు. "గాలి కూడా పెట్టలేదమ్మా!"

మీటర్లలో ఒకటుంటుంది, వంగిన గాజు గొట్టంలో నల్లటి గోళీ. ముక్కు పక్కకు పోతే అది ఎదురు పక్కకు దొర్లుతుంది. ఇప్పుడది కుదురులేని పిల్లలా అటూ ఇటూ పరిగెడుతోంది. ప్రమోద గబగబా కాళ్ళు వెనక్కి తీసింది, తానే తొక్కుతున్నానేమోనని. ఊపు ఆగలేదు. కిందికి వంగి చూసింది. ఆమె కాళ్ళు లేకుండానే ఆమె ముందున్న పెడళ్ళు కదులుతున్నాయి. ఎడమది, కుడిది, ఎడమది, కుడిది. దయ్యం పట్టిందా ఏమిటి!

అప్పుడు తల పక్కకు తిప్పింది.

గోవిందరాజులు చెప్పులు విప్పేసి ఉన్నాడు. కళ్ళు తెల్లటి తెర మీదే ఉన్నాయి, ముఖాన చెమట. రెండు పాదాలు మాత్రం మగ్గం గుంతలో చెక్కలు తొక్కినట్టు కుడి పక్క పెడళ్ళను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతున్నాయి. ఈ పక్కవీ ఆ పక్కవీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి, ఎవరు తొక్కినా ముక్కు తిరుగుతుంది. ఆ సంగతి విమానం నడిపేవాళ్ళందరికీ తెలుసు. ఆ మనిషికి తెలియదు.

"నాయనా..." అంది ప్రమోద.

ఆ రోజు కాలి కింద పెడళ్ళు తన్నుతుంటే గాలి కొట్టుడనుకుంది. నాయన వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఇన్ని నెలలూ తన చేతుల్లో, తన కళ్ళలో, తన చెవి నీళ్ళలో వెతుక్కుంటూ వచ్చింది. ఏమని చెప్పాలి ఇప్పుడు? చెబితే ఒట్టు బరువు దిగిపోతుంది, కానీ అదే బరువు ఆ మనిషి నెత్తికెక్కుతుంది. చెప్పొద్దన్నట్టు నాగభూషణానికి సైగ చేసింది.

గోవిందరాజులు చీరలో ఒక్క పోగు తెగినా చూడకుండానే పట్టేసే మనిషి. ఇద్దరూ తన కాళ్ళ వైపు చూస్తుంటే తానూ చూసుకున్నాడు. చూసుకున్నాక కూడా అవి వెంటనే ఆగలేదు. చేతులతో మోకాళ్ళు నొక్కిపెడితే గానీ ఆగలేదు. తెర మీద విమానం కుదుటపడింది.

"భయమైతే నా కాళ్ళకు ఇదే పనమ్మా," అన్నాడు మెల్లగా. "నువ్వు పుట్టేటప్పుడు ఆస్పత్రి బెంచీ మింద కూర్చోని పొద్దుగూకేదాకా ఇట్లే తొక్కినానంట." తెర వైపు చూశాడు, గోళీ వైపు చూశాడు, మళ్ళీ కూతురి వైపు చూశాడు. "ఆ పొద్దు మనల్ని కొండకు కొట్టబోయింది నేనా?"

అబద్ధం చెప్పడానికి ప్రమోద నోరు తెరిచింది. రాలేదు.

"కాళ్ళు నీవే నాయనా. కానీ పక్కన కూర్చునేవాళ్ళకు పెడళ్ళ మీద కాళ్ళు పెట్టొద్దని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. గోళీ అప్పుడు కూడా దొర్లే ఉంటుంది. దాన్నీ చూడలేదు, నిన్నూ చూడలేదు."

"అట్లయితే ఆ ఒట్టు చెల్లదు. నీ తప్పు కానిదానికి వేయించుకున్న్యా."

"చెల్లుతుంది. సగం తప్పు నాదే. పరీక్షకు పోతా."

గోవిందరాజులు పై పంచె కొంగుతో ముఖం తుడుచుకుని, బయటికి పోయి కొళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. లోపల ప్రమోద మళ్ళీ మబ్బు వేయమంది. గంటసేపు నడిపింది. ఈసారి గోళీ గొట్టం నడుమనే నిలబడింది. నాగభూషణం పరీక్ష కాగితం మీద సంతకం పెట్టాడు.

మర్నాడు పరీక్ష పెట్టడానికి వచ్చినాయన ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు, నవ్వడమంటే ఖర్చు అనుకునే ముఖం. కుడి పక్క కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. ప్రమోద ఇంజను తాళం మీద చెయ్యి వేయకముందే ఆయన వైపు తిరిగింది.

"సార్, కాళ్ళు పెడళ్ళ మీదనుంచి వెనక్కి తీయండి. నేను అడిగేదాకా పెట్టకండి."

ఆయన ఎగాదిగా చూశాడు. తర్వాత బుద్ధిగా కాళ్ళు వెనక్కి ముడుచుకున్నాడు.

పైన నిజం మబ్బే దొరికింది. ఒళ్ళు ఎడమకు తిరుగుతున్నానంది. మీటరు లేదంది. ప్రమోద మీటరు మాట విన్నది. బయటికి వచ్చేసరికి రన్‌వే ఎక్కడ ఉండాలో అక్కడే, ముక్కుకు సూటిగా ఉంది.

దిగగానే, ముందు రోజు రాత్రే ఊరికి తిరిగిపోయిన నాయనకు ధర్మవరానికి ఫోను చేసింది. "పాసైనా నాయనా."

అటుపక్క మగ్గం చప్పుడు ఆగింది.

"నన్ను మళ్ళా ఎక్కిచ్చుకుంటావా?" అన్నాడు గోవిందరాజులు.

"నీకు భయం కదా నాయనా."

"భయమే. యాడికి పోతాది అది? నువ్వు నడిపితే వస్తా."

"అయితే వెనక సీట్లో కూర్చో."

"వెనక ఎందుకు? నీ పక్కనే కూర్చుంటా. మఠం వేసుకోని, నా కాళ్ళు నేనే పట్టుకోని కూర్చుంటా. ఎప్పుడు పోదాం, చెప్పు."