గట్టెక్కడం

గాజుతొట్టెలో నీళ్ళు సగానికి తోడేసి, పెంకుముక్కను ఏటవాలుగా ఆనించింది ఆమె. కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో తొట్టెలు కడగడం ఆమె పని. విద్యార్థులెవరో కప్పలమ్మ అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు చదువు ముగించుకుని వెళ్ళిపోయారు గానీ పేరు మాత్రం బంకలా అంటుకుపోయింది. ఎప్పుడూ నానే చేతులేమో, వేళ్ళ కొసలు ముడతలు పడి తెల్లగా పాలిపోయి ఉంటాయి.

తొట్టెల్లో గోదురుకప్ప పిల్లలకు ముందుకాళ్ళు వచ్చాయి, తోకలు కరుగుతున్నాయి. నిన్న ఇంటికి పోయే తొందరలో ఒక తొట్టెను అంచుదాకా నింపేసింది. పొద్దున చూస్తే కొన్ని పిల్లలు వెల్లకిలా తేలుతున్నాయి.

"మొప్పలు మూసుకుపోయాయమ్మా. ఇక ఊపిరితిత్తులతోనే పీల్చుకోవాలి. గట్టెక్కే చోటు లేకపోతే పుట్టిన నీళ్ళలోనే మునిగిపోతాయి" అంది మేడమ్. ఆవిడ కోప్పడి ఉంటేనే బాగుండుననిపించింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భర్త దిండ్ల మధ్య గోడకు చేరగిలబడి ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. ఏళ్ళ తరబడి బస్సు కండక్టరుగా తిరిగి, రోడ్డు మీది దుమ్మంతా ఛాతీలో దాచుకున్నాడు. తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ పొద్దుటి సంగతి చెప్పిందామె.

"పెద్దయ్యాక తడిచర్మంతో కూడా గాలి పీల్చుకుంటాయటండీ."

"అయితే బాగా తడుపు. లోపల సీట్లు ఖాళీ లేవు, టాపు మీదైనా ఎక్కించుకుందాం."

నవ్వబోయి దగ్గాడు. దగ్గు తెరిపిచ్చాక ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నేనెప్పుడు గట్టెక్కుతానే?"

"ఎక్కుతారులే. నా మీదికి వాలండి."

దిండ్లు తీసేసి వెనక కూర్చుని, అతని వీపును తన గుండెకు ఆనించుకుంది. ఈ ఒక్కపూట అతనికి ఊపిరాడితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంది. ఛాతీలో పిల్లికూతలు మెల్లగా తగ్గాయి. కాసేపటికి పూర్తిగా ఆగిపోయాయి. ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపట్టిందని ఆమె సంబరపడింది. కదిలితే లేస్తాడేమోనని కాళ్ళు తిమ్మిరెక్కినా అలాగే కూర్చుంది.

పక్కింటి వదిన పాలగిన్నె తిరిగివ్వడానికి వచ్చి గుమ్మంలో ఆగింది.

"మెల్లగా వదినా, ఇప్పుడే పడుకున్నారు."

వదిన అతని ముఖం చూసింది. గిన్నె నేలమీద పెట్టేసి, వచ్చి ఆమె భుజం పట్టుకుంది.

సంబరపడ్డ ఆ కాసేపటిని తలుచుకునే ఆమె ఎక్కువ ఏడ్చింది. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, అతని పాత ఖాకీ చొక్కా మడతపెడుతుంటే జేబులోంచి ఏదో జారి గచ్చు మీద పడింది. ఇత్తడి ఈల, ఊదేచోట అతని పంటిగాట్లు.