రైల్వే గోడ దాకా రోడ్డు

నాచారంలో మా సందు మెయిన్ రోడ్డు దగ్గర మొదలై రైల్వే గోడ దగ్గర ఆగిపోతుంది. అవతలికి దారి లేదు. అయినా మా సందుకు వచ్చిన నిధులకు లోటేమీ లేదు. మొదట ఎమ్మెల్యే నిధులతో మొరం పోశారు, వానకు కొట్టుకుపోయింది. తర్వాత మున్సిపాలిటీ నిధులతో తారు వేశారు. ఆ తారు ఆరీ ఆరకముందే నీళ్ల పైపుల నిధులొచ్చి మొత్తం తవ్విపోశారు. ఆపైన సిమెంటు రోడ్డు మంజూరైంది. సగం వెడల్పు వేసి, మిగతా సగం నిధులు రాగానే అన్నారు. ఆ నిధులు ఎవరి సందులోకి దారి తప్పాయో గానీ మాకు మాత్రం ఒక పక్క గట్టు, ఒక పక్క గుంతలు మిగిలాయి.

ఆ గట్టు మీంచి జారిపడే మా ఎదురింటి శారదమ్మగారి తుంటి విరిగింది. అప్పట్నుంచీ చక్రాల కుర్చీలోనే ఉంటున్నారు. గేటు దాటితే కుర్చీ కదలదు. ఆవిడ భర్త రామస్వామిగారు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. రోడ్డు కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు.

"మీ అర్జీలు పరిస్తే ఉప్పల్ దాకా రోడ్డవుతుంది బాబాయ్" అని మా ఆయన ఏడిపించేవారు.

ఈ ఏడాది మళ్లీ మంజూరైంది. ముందు సగం వేసి, అది గట్టిపడ్డాక రెండో సగం వేస్తానన్నాడు కాంట్రాక్టరు. రామస్వామిగారు కుర్చీ తెచ్చుకుని మిక్సర్ ముందు కూర్చున్నారు.

"సగం ముచ్చట మాకు జెప్పకు. ఒక్కపారే మొత్తం ఎయ్యి. లేకుంటే నా మీద్కెల్లి పొయ్యి!"

మేమూ ఆయనకే వంత పాడాం. ఒకసారి మోసపోయిన వాళ్లం కదా! సాయంత్రానికి గోడ నుంచి మెయిన్ రోడ్డు దాకా, ఈ గడప నుంచి ఆ గడప దాకా పోసేసి కూలీలు వెళ్లిపోయారు. తెల్లారేదాకా ఎవరూ బయటికి రావొద్దన్నారు. శారదమ్మగారు గేటు దగ్గర కూర్చుని, పెళ్లి పందిరి చూస్తున్నట్టు ఆ సిమెంటునే చూస్తున్నారు.

"గట్టిపడంగనే ముందుగాల నేనే పోత చంద్రికా. మెయిన్ రోడ్డు మొకం జూసి ఎన్నేండ్లాయె!" అన్నారు నాతో.

అప్పుడే గోడ పక్క ఇంట్లోంచి కేక వినిపించింది. ఆ ఇంటి కోడలు సుష్మకు నొప్పులొచ్చాయి, నెలలు నిండకుండానే. అంబులెన్స్ వచ్చి సందు మొదట్లో ఆగింది. లోపలికొస్తే చక్రాలు దిగబడతాయన్నాడు డ్రైవర్. సుష్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి గడప దాకా తెచ్చిన ఆమె భర్త జీవన్, అక్కడే ఆగిపోయి రామస్వామిగారి వైపు చూశాడు. ప్రాణం మీదికొస్తే ఆయన అనుమతేమిటని నాకు ఒళ్లు మండింది. కానీ నేనూ ఆయన వైపే చూశాను.

ఆయన తడి సిమెంటును చూశారు. భార్యను చూశారు. ఆ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"నా దిక్కేం జూస్తున్నవ్?" అని గట్టిగా అరిచారు శారదమ్మగారు. "ఆ పిల్ల దిక్కు సూడు! పోయి కుర్చీ పట్టు!"

ఆయన ప్యాంటు మడిచి సిమెంటులోకి దిగారు. పాదాలు చీలమండల దాకా కూరుకుపోయాయి. ఆయన, జీవన్, మా ఆయన, ఇంకో పొరుగాయన కుర్చీ కాళ్లు పట్టుకుని, ఊడిన చెప్పులు అక్కడే వదిలేసి సుష్మను అంబులెన్స్ దాకా మోసుకెళ్లారు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇంజినీరు వచ్చి, గోడ నుంచి మెయిన్ రోడ్డు దాకా పడిన అడుగుల గుంటలు చూసి నెత్తి కొట్టుకున్నాడు. సరిచేయడానికి మళ్లీ నిధులు రావాలట.

సుష్మ ఇంటికొచ్చిన మర్నాడు రామస్వామిగారు భార్యను గేటు దాటించారు. రెండు అడుగులు పోయేసరికి చక్రం గుంటలో ఇరుక్కుంది. ఆయన తల దించుకున్నారు.

"మల్ల అర్జీ పెడ్త శారదా."

"పెడ్దువుగాని తియ్యి. మెయిన్ రోడ్డు యాడికి పోతది? ముందుగాల గోడ దిక్కు తిప్పు, పిల్లను జూస్త."

నేను కుర్చీ ముందుభాగం ఎత్తి పట్టుకున్నాను. ఆయన వెనక నుంచి తోశారు.