జేబులో గన్నేరు పువ్వు

దసరా సెలవులకి రాజమండ్రి నుంచి మా ఊరు నరసాపురం వస్తూ, మనవరాలు శ్రీసుధ రెండు కంప్యూటర్ ఆటలు తెచ్చింది. రెండూ కథలే. ఒకదాంట్లో ఓడ నడిపే ఆయన తప్పిపోయిన కూతురి కోసం సముద్రాలన్నీ గాలిస్తాడు. రెండోదాంట్లో పెద్ద మేడలో దొరని ఎవరో చంపేస్తారు. ఎవరో మనం పట్టుకోవాలి. పిల్ల ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబుతుంటే, నేను లేసు అల్లుకుంటూ, మా ఆయన పడక్కుర్చీలో వాలి, సెలవులన్నాళ్లూ విన్నాం.

చివరి రోజొచ్చింది. సాయంత్రం రైలు. ఈలోగా ఒక్క కథే పూర్తవుతుందంది శ్రీసుధ.

"ఓడే కానీయ్," అన్నారు మా ఆయన.

"చంపిందెవడో తెలీకుండా నాకు ముద్ద దిగదండీ. ఆ ఓడకేం, మీలాగే ఊరికే తిరుగుతుంటుంది."

"మీరూ మీరూ తేల్చుకోండి బాబూ!" అంది శ్రీసుధ.

మా ఇంట్లో తేలని మాట దేవుడి దగ్గరికే వెళుతుంది. రెండు పొట్లాల్లో రెండు రంగుల పూలు కట్టి దేవుడి ముందు పెడతాం. పిల్లల చేత ఒకటి తీయిస్తాం. ఓడకి తెల్ల గన్నేరు, మేడకి ఎర్ర గన్నేరు అనుకున్నాం. "పొట్లాలు నేను కడతాను," అన్నారాయన. మంచినీళ్లు కూడా తనంతట ముంచుకోని మనిషి! కట్టి, గూట్లో పెట్టి, చొక్కా కొక్కానికి తగిలించి స్నానానికి వెళ్లారు.

ఆ చొక్కా జేబులోంచి ఎర్రగా ఏదో కనబడింది. చూద్దును కదా, నేనిచ్చిన ఎర్ర గన్నేరు! పొట్లాలు విప్పితే రెండింట్లోనూ తెల్లవే.

నేను కేకలేయలేదు. పెరట్లోంచి ఇంకో ఎర్ర పువ్వు కోసుకొచ్చి, రెండు పొట్లాల్లోనూ ఎర్రవే కట్టి, ఆ తెల్లవాటిని ఆయన జేబులో వేశాను.

ఆయన వచ్చి చొక్కా తొడుక్కున్నారు. శ్రీసుధ కళ్లు మూసుకుని ఒక పొట్లం తీసి విప్పింది. ఎర్రది.

"అదెలా..." అని నోరు తెరిచారాయన.

"ఎలా ఏంటండీ? తెల్లదే రావాలా?"

ఆయన చెయ్యి జేబులోకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. నా వంక చూసి, కుర్చీ కంప్యూటర్ దగ్గరికి లాక్కున్నారు.

మేడ కథ చివరికొచ్చింది. "ఒక్క పేరే నొక్కాలి అమ్మమ్మా. తప్పయితే ఇంతే సంగతులు, మళ్లీ ఆడే టైం లేదు. వంటావిడా, డాక్టరా, గుమస్తానా?"

"మనం మేడలో గడియారం తెరిస్తే లోపల ఏమీ లేకపోయేసరికి, గుమస్తా ఏదో అనబోయి ఆగిపోయాడన్నావు కదే?"

"అవును. అయితే?"

"వాడు దాచింది ఎవరో తీసేశారు. ఏదని అడిగితే దొరికిపోతాడు. వాణ్ణే నొక్కు."

"అంత ధీమా ఏంటి అమ్మమ్మా?"

"అలాంటి మొహం ఇందాకే ఒకటి చూశాన్లే."

నొక్కింది. తెర మీద గుమస్తా చేతులకి బేడీలు పడ్డాయి. శ్రీసుధ ఎగిరి గంతేసింది.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "కాస్త కాఫీ పెడతావేంటి?"

"పెడతానండీ. ఈలోగా మీ జేబులో పువ్వులు దేవుడికి పెట్టేయండి, వాడిపోగలవు."