ఒక్క గీత సిగ్నల్

నేను ఒక సెల్‌ఫోన్‌ని. కుడి మూల అద్దం పగిలింది, ఊడిపోతున్న వీపుకు రబ్బరు బ్యాండు వేశారు. పిల్లలు చెడిపోయినా, ఓట్లు తారుమారైనా, పొయ్యి మీద అన్నం మాడినా ఈ దేశంలో తిట్లు నాకే. తిట్టండి. కానీ ముందు నా మాట వినండి.

నేను పుట్టిన కర్మాగారంలో ఒక అమ్మాయి నా అద్దం తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, "బాగుంది" అంది. ఆ ఒక్క మంచి మాటతో లోకంలోకి వచ్చాను. మొదట నన్ను కొన్నది కరీంనగర్‌లో ఒక పార్టీకి ప్రచారం చేసే కుర్రాడు. వాడికి పదకొండు గ్రూపులు. ఎక్కడో వరదలో కొట్టుకుపోయిన వంతెన వీడియోకి మా జిల్లా పేరు తగిలించి, చాయ్ చల్లారేలోపు ఊరూరికీ పంపించేవాడు. అబద్ధమని నాకు తెలుసు. నోరు లేనిదాన్ని, ఏం చేయను? ఎన్నికలయ్యాక నన్ను పాత ఫోన్ల దుకాణంలో పడేశాడు.

అక్కడినుంచి కరీంనగర్ దగ్గరి ఒక పల్లెకు, సంఘవి చేతికి వచ్చాను. డిగ్రీ రెండో సంవత్సరం, కొత్తగా ఓటు వచ్చిన పిల్ల. నేను చేరిన వారానికే ఆ వంతెన వీడియో తిరిగి నాకే వచ్చింది. "చూసినవా అమ్మా, మన జిల్లాల వంతెనలు ఎట్ల కొట్కపోతున్నయో!" అని ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. సిగ్గుతో నా బ్యాటరీ వేడెక్కింది.

సంఘవి రాజకీయాన్నంతా ముప్పై సెకన్ల రీళ్లలో నేర్చుకుంది. ఢిల్లీలో ఎవరు ఎవరిని ఏమన్నారో కంఠతా వచ్చు. సొంత ఊరి పంచాయతీ ఆఫీసు గడప మాత్రం తొక్కలేదు. ఇంట్లో నాకు అందే సిగ్నల్ ఒక్క గీతే కాబట్టి డాబా ఎక్కేది, ఊరికి టవర్ కావాలని రోజుకో పోస్టు పెట్టేది. ఒకరోజు చట్టసభల్లో ఆడవాళ్లకు సగం వాటా కావాలని ఆవేశంగా వీడియో తీసింది. మధ్యలో తల్లి భూలక్ష్మి, వీడియోలో పడకుండా వంగి వచ్చి చాయ్ పెట్టి వెళ్లింది. బీడీలు చుట్టి చుట్టి ఆమె వేలిముద్రలు అరిగిపోయాయి. ఎన్నిసార్లు బొటనవేలు పెట్టినా నేనూ ఆమెను గుర్తుపట్టలేదు.

వీడియో కింద అదే ఊరి పిల్ల ఒకతి రాసింది: "మరి మీ వార్డు మెంబరెవరక్కా?" సంఘవి ఠక్కున "మా బాపు రాజేశం" అని కొట్టింది. "మా" అనగానే "బాపు" అని అందించింది నేనే. వెంటనే జవాబొచ్చింది: "గెలిచింది మీ అమ్మ గదా అక్కా, ఆడోళ్ల సీటు."

సంఘవి మొహం మాడిపోయింది. మొదట ఆ పిల్లను బ్లాక్ చేసింది. నిజం ఎదురైతే మనుషులు చేసే మొదటి పని అదే, ఎన్నిసార్లో చూశాను. ఆ తర్వాత తల్లి ఉన్న వంటింటి వైపు చూసింది. తెలియక కాదు. సీటు ఆడవాళ్లకు పోయేసరికి తల్లి పేరు రాయించి, కుర్చీలో తండ్రి కూర్చున్నాడు. ఊరంతా ఆయన్నే మెంబరన్న అంది. సంఘవికీ ఇన్నాళ్లూ అందులో తప్పేమీ తోచలేదు.

మర్నాడు పొద్దున, పంచాయతీ కాగితాలు మోసే కారోబారు లింబయ్య తీర్మానాల రిజిస్టరు పట్టుకొచ్చాడు. రాజేశం వేలు పెట్టి చూపిన చోట భూలక్ష్మి సంతకం పెట్టాలి. ఎప్పుడూ జరిగేదే.

"చదివినవా అమ్మా?" అంది సంఘవి.

"గీ సన్న అక్షరాలు నాకు ఆనవు బిడ్డా. మీ బాపు చదివిండు గద."

సంఘవి ఆ పేజీని ఫొటో తీసి, అక్షరాలు పెద్దవి చేసి, నన్ను తల్లి చేతిలో పెట్టింది. ఏడో తరగతి దాకా చదివిన భూలక్ష్మి తంబాకు అంటిన వేలితో ఒక్కో మాటా జరుపుకుంటూ చదివింది. సోమవారం సభ్యులందరూ హాజరై, ఆరో వార్డులో అంగన్‌వాడీ కోసం ఉంచిన జాగాను సెల్ టవర్‌కు ఇవ్వడానికి ఒప్పుకున్నారట.

"సోమారం నేను కార్ఖానల బీడీలు అప్పజెప్పవోయిన. మీటింగుకు ఎన్నడు పోయిన?"

"గవన్నీ నీకెందుకే? పెట్టు సంతకం. లింబన్న నిలవడ్డడు," అన్నాడు రాజేశం.

సంఘవి తడబడింది. "టవరొస్తే మంచిదే గదమ్మా..."

టవర్ వస్తే అందరికంటే లాభం నాకే. నా మనసూ అటే లాగింది, ఉన్నమాట చెబుతున్నాను.

"టవరద్దంటలేను. అంగన్‌వాడీ పోరగాండ్లు వానకు ఉరుస్తున్న రేకుల షెడ్డుల కూసుంటున్నరు. మీకు వాళ్ల జాగనే దొరికిందా?" అని భూలక్ష్మి కలం తీసుకుంది. సంతకం చోట రాసింది: "ఈ మీటింగు కాలేదు. నేను ఒప్పుకోను." కింద తన పేరు, ఇంటిపేరుతో సహా.

సంఘవి అదీ ఫొటో తీసి ఊరి ఆడవాళ్ల గ్రూపుకు పంపే మీట నొక్కింది. అంతలో రాజేశం నన్ను లాక్కుని గోడకేసి కొట్టాడు. అద్దం పగిలింది. ఉన్నది ఒక్క గీత సిగ్నల్, ఫొటో మీద చక్రం తిరుగుతూనే ఉంది. పదకొండు గ్రూపులకు అబద్ధాలు మోసినదాన్ని, ఒక్క నిజం మోయలేనా? పంతం పట్టాను. చక్రం ఆగింది, ఫొటో వెళ్లింది.

సాయంత్రానికి యాభై మంది ఆడవాళ్లు బీడీల చేటలు పక్కన పెట్టి వచ్చి పంచాయతీ ముందు కూర్చున్నారు. మీటింగు నిజంగానే పెట్టాల్సి వచ్చింది, తీర్మానం కొట్టేయాల్సి వచ్చింది. టవర్‌కు వేరే జాగా చూస్తామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. సంఘవి రీళ్లు మానలేదు గానీ, ఏదైనా పంపేముందు ఇది ఎక్కడిది, ఎప్పటిది అని ఆరా తీస్తోంది. రాజేశం వారం రోజులు పెళ్లాంతో మాట్లాడలేదు.

ఇప్పుడు నా కాపురం భూలక్ష్మి బీడీల చేట పక్కన. ఆమెకు సన్న అక్షరాలు పెద్దవి చేసి చూపడమే నా కొలువు. నన్ను తుక్కులో వేస్తానని రాజేశం అంటూనే ఉంటాడు. వేయమనండి చూద్దాం.

నిన్న లింబయ్య మళ్లీ రిజిస్టరుతో వచ్చి వాకిట్లో నిలబడి "మెంబరన్నా!" అని పిలిచాడు. రాజేశం అలవాటుగా చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

లోపలినుంచి భూలక్ష్మి కేకేసింది: "మెంబరు ఈడున్నది లింబన్నా. రిజిస్టరు ఇటు తే."