లింగమూర్తి బొటనవేలు

లింగమూర్తి రూపాయిని తిరగేశాడు. ముద్ర ఉన్నవైపు ఎవరైనా చూస్తారు. ఆయన వెనకవైపు చూస్తాడు. పాతకాలపు షరాబులు వెండి మంచిదని తేల్చుకున్నాక రూపాయిని ఇనుప దిమ్మె మీద పెట్టి, పైన ఒక చిన్న పువ్వో చుక్కో కొట్టేవారు. ఆ దెబ్బకి వెనక అక్షరాలు అణిగి చదునవుతాయి. ఇప్పటి దొంగలు నకిలీ రూపాయిని కర్రముక్క మీద పెట్టి అదే గుర్తు కొడతారు కాబట్టి వెనక రవ్వంత ఉబ్బుతుంది. కంటికి ఆనని ఆ ఉబ్బును ఆయన బొటనవేలు పట్టేసేది.

లింగంపల్లి స్టేషన్ ఎదుటి పాత నాణేల కొట్లో ఇరవై రెండేళ్లుగా అదే ఆయన పని. సన్నగా, వంగిపోయి, కాలర్ అరిగిన చొక్కాలో స్టూలుకి అతికించినట్టు ఉండేవాడు. సొంతానికి ఒక్క పాత నాణెం కూడా లేదు. ఉన్నదల్లా కొన్నవాళ్లకిచ్చే చీటీ మీద "అసలుది" అని రాసి కింద పెట్టే సంతకం. భార్య భ్రమరాంబ పోయాక ఆయన పేరు ఎవరైనా పట్టించుకునేది ఆ చీటీ మీదే. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం లేచాక కంప్యూటర్ ఉద్యోగులు కూడా పాత రూపాయలు కొంటున్నారు, చీటీలు ఎక్కువయ్యాయి.

రిటైరైన అబ్రహాం మాస్టారు ఆ ఉదయం ఒక రూపాయి పట్టుకొని వచ్చారు. తన నాణేలన్నీ తాను పాఠాలు చెప్పిన బడికే ఇచ్చేస్తున్నారట.

"ఇది నిరుడు మీ చీటీ చూసి కొన్నదేనండి. పిల్లలకి చూపించేముందు మరోసారి మీ చేత్తో చూస్తారని తెచ్చాను."

లింగమూర్తి బొటనవేలు ఆనించాడు. ఏమీ తెలియలేదు. గట్టిగా నొక్కాడు. పాదాల్లో మొదలైన షుగరు తిమ్మిరి వేళ్లదాకా వచ్చిందని ఆయనకు తెలుసు. తెలిసీ రెండేళ్లుగా తనకు తాను ఒప్పుకోలేదు. ఆ మొండితనం మీద కోపం రావాలి గానీ జాలే వస్తుంది.

రూపాయి వెనకవైపును తిమ్మిరెక్కని కింది పెదవికి ఆనించి మెల్లగా జరిపాడు. ఆవగింజలో సగమంత ఉబ్బు తగిలింది.

యజమాని రాజేందర్ కౌంటర్ వెనక నుంచి చూస్తూనే ఉన్నాడు. "కాకా, జర సోచాయించి చెప్పు. గిదొక్కటి తప్పయితే మిగిలిన చీటీల సంగతేంది?"

లింగమూర్తి రూపాయిని మాస్టారి ముందుకు జరిపాడు.

"నకిలీదే సార్. తప్పు నాదే. నా వేలు సచ్చిపోయింది. రెండేండ్ల సంది గిట్లనే ఉన్నది."

మాస్టారు తనతో తెచ్చిన చీటీని మడిచి జేబులో పెట్టుకొని, రూపాయిని బల్ల మీదే వదిలి వెళ్లిపోయారు.

"రేపటి సంది రాకు కాకా," అన్నాడు రాజేందర్. గట్టిగా అనలేదు.

"మంచిది బిడ్డా. గీ ట్రేలల్ల ఉన్న రూపాయలన్న చూసి పోత."

మధ్యాహ్నమంతా ఒక్కో రూపాయినీ పెదవికి ఆనించి చూశాడు. అసలువి కుడివైపు, నకిలీవి ఎడమవైపు. అన్నం డబ్బా మూత తియ్యలేదు. ఎడమ కుప్ప పెరుగుతున్నకొద్దీ ముఖం పాలిపోయింది. అవన్నీ తాను మంచివని పక్కన పెట్టినవే. ఇలాంటివి ఇంకెన్ని తన సంతకంతో ఎవరెవరి ఇళ్లకు చేరాయో తలుచుకుంటే ఆయనకు ఏడుపొచ్చింది.

నాలుగింటికి రాజేందర్ చాయ్ తెచ్చి పిలిచాడు. పలకలేదు. తల గోడకు ఆని ఉంది, చెయ్యి ఒళ్లోకి జారింది. దవాఖానకు తీసుకుపోవలసిన వేళ దాటిపోయింది.

బల్ల మీద రెండు కుప్పల మధ్య ఒక్క రూపాయి విడిగా పడి ఉంది. దాని మీద పెదవి తడి ఇంకా ఆరలేదు. అది ఏ కుప్పలోదో చెప్పగలిగినవాళ్లు ఆ కొట్లో ఎవరూ లేరు.