స్పాన్సర్ పెట్టిన పరీక్ష

ఆఫీసులో ఆమెను అందరూ ‘దొంగగారు’ అంటారు. కంపెనీల కంప్యూటర్లలోకి ఆ కంపెనీల అనుమతితోనే దొంగలా దూరి, ఎక్కడెక్కడ తాళం సరిగ్గా పడలేదో చెప్పడం ఆమె ఉద్యోగం. ఇంట్లో మాత్రం చిన్ని. అమ్మ పోయాక అక్క దగ్గరే పెరిగింది కాబట్టి, ముప్ఫైకి దగ్గర పడుతున్నా అక్కకీ బావకీ ఆమె ఇంకా చిన్నీయే.

చిన్నికి ఒకటే పిచ్చి. ఎక్స్‌ఛేంజ్ వీసా మీద విదేశం వెళ్ళి, అక్కడి పెద్ద సైబర్ సెక్యూరిటీ కంపెనీలో ఏడాదిన్నర పని నేర్చుకుని రావాలి. నేర్పుతామనే కంపెనీలు దొరికాయి. దొరకనిదల్లా స్పాన్సరే. ‘ఈ మనిషికి మేం పూచీ’ అని ఒక సంస్థ రాసిస్తే తప్ప ఆ వీసా రాదు. ఆ పూచీ కోసం ఆమె ఎక్కని గుమ్మం లేదు. ఒకళ్ళు ఆమె చదివిన కాలేజీ పేరే వినలేదన్నారు. ఒకళ్ళు అనుభవం చాలదన్నారు. ఇంకొకళ్ళు అసలు జవాబే ఇవ్వలేదు, అన్నిటికన్నా అదే ఎక్కువ మండింది ఆమెకి. ఫొటో స్టూడియో నడిపే బావ ప్రతి దరఖాస్తుకీ కొత్త ఫొటో తీస్తూ, "ఈసారైనా కాస్త మంచిదానిలా మొహం పెట్టవే తల్లీ, పోయినసారి నిజంగానే దొంగలా పడ్డావు," అని ఏడిపించేవాడు.

అలాంటి సమయంలో ఆ పెద్దమనిషి తగిలాడు. ఒక స్పాన్సర్ సంస్థ తరఫున, మీ దరఖాస్తు మాకు నచ్చింది, మాట్లాడదామా అని తనే రాశాడు. వీడియో కాల్లో నెరిసిన జుట్టు, వెనక పుస్తకాల అలమర, అమ్మా అమ్మా అంటూ మెత్తని మాట. చిన్ని తక్కువదేం కాదు, ముందు ఆయన సంస్థనే తిరగేసి బోర్లేసి చూసింది. వెబ్‌సైట్, రిజిస్ట్రేషన్, ఆఫీసు అడ్రసు, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాత మనసు విప్పేసింది. అక్క నర్సని, ఫలానా ఆసుపత్రిలో చేస్తోందని, అక్కే లేకపోతే తను ఏమైపోయేదోనని, అడిగినవీ అడగనివీ చెప్పింది. అన్ని నెలలు ఎవరూ పట్టించుకోని మనిషిని ఒకరు ఆదరంగా పలకరిస్తే కడుపులో ఏమీ దాగదు.

"సర్టిఫికెట్లు అందరి దగ్గరా ఉంటాయమ్మా. నేను చేతి పని చూస్తాను," అన్నాడాయన. "పరీక్షల కోసం మేమొక ఉత్తుత్తి ఆసుపత్రి తయారుచేశాం. రోగులు, మందులు, నర్సులు, అంతా కంప్యూటర్లోనే, అంతా కల్పితం. మీరు లోపలికి వెళ్ళి చూపించండి."

"అనుమతి కాగితం కావాలి సార్," అంది చిన్ని. ఆ వృత్తిలో అది ఓనమాల్లో మొదటిది. కాగితం ఉంటే పరీక్ష, లేకపోతే నేరం.

ఆయన ముచ్చటపడి, సంతకంతో, ముద్రతో పంపించాడు. ఆ సంతకం ఆయనదే. మామూలుగా అయితే ఆ కంప్యూటర్లు ఎవరివో వాళ్ళ సంతకమేదని ఆమె పట్టుబట్టేది. ఉత్తుత్తి ఆసుపత్రి వీళ్ళదే అయినప్పుడు ఇంకెవరి సంతకం అడుగుతుంది? ఇంకో షరతు కూడా పెట్టారు, తమ కంప్యూటర్ మీదుగానే వెళ్ళాలని. దానివల్ల అవతల ఉన్నది ఎక్కడిదో ఆమెకు కనబడదు. పరీక్ష కదా, దారి వాళ్ళు వేస్తారు, మనం నడుస్తాం అనుకుంది.

ఎక్స్‌రేలు దాచే పాత మెషిన్ ఒకటి, కొన్నప్పటి పాస్‌వర్డ్ కూడా మార్చకుండా, వీధి వాకిలిలా తెరిచి ఉంది. అందులోంచి వార్డు గదుల్లోకి వెళ్ళిపోయింది. ఆయన చప్పట్లు కొట్టాడు. మా వాళ్ళూ వచ్చి చూస్తారు, ఒక తలుపు తెరిచి ఉంచండి అన్నాడు. ఉంచింది. ప్రమాదం వస్తే పనికొచ్చే రికార్డుల నకళ్ళు ఎక్కడ దాచారో, వాటిని చెరిపేయాలంటే ఎలాగో రాసివ్వండి, ఊరికే రాస్తే చాలు, చెయ్యక్కర్లేదు అన్నాడు. రాసిచ్చింది, చాలా శ్రద్ధగా, బొమ్మలు కూడా వేసి. ఒక్కో మెట్టూ చిన్నదే కావడంతో ఎంత లోతుకి దిగిందో ఆమెకు తెలియలేదు. తెలియలేదని ఊరుకుంటే సగం నిజమే, తెలుసుకోవాలని ఆమెకు అనిపించలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అక్కకి సాయంత్రం డ్యూటీ. చిన్ని మంచి హుషారు మీద ఉంది.

"ఎంత బాగా కట్టారో అక్కా ఆ దొంగాసుపత్రి! నర్సులు రాసుకునే మాటలు కూడా కల్పించారు. ఒకచోట ఏముందో తెలుసా? ‘మేష్టారికి సూది చూస్తే వణుకు. వాళ్ళ కుక్క కబుర్లు అడుగుతూ గుచ్చాలి’ట!"

బావ పకపకా నవ్వాడు. అక్క నవ్వలేదు. కలుపుతున్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"కుక్క పేరు రాశారా?"

"రాశారు. బంతి."

"అది నేను రాసింది," అంది అక్క. "గురువారం. మూడో వార్డు, కిటికీ పక్క మంచం. నీకెలా తెలిసింది?"

చిన్ని ఎంగిలి చేత్తోనే లాప్‌టాప్ తెరిచింది. తను ఉంచిన తలుపు దగ్గరికి వెళ్ళింది. తన తాళంచెవి పట్టలేదు. ఎవరో మార్చేశారు.

ఆయనకు ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"శుభాకాంక్షలమ్మా! మీ స్పాన్సర్‌షిప్ ఖాయమైంది. నేనే చేద్దామనుకుంటున్నాను."

"సార్, అది నిజం ఆసుపత్రి."

"అవునమ్మా," అన్నాడాయన, అదే మెత్తదనంతో. "బొమ్మ తలుపు తీసినవాళ్ళకి పూచీ ఎలా పడతాం చెప్పండి? ఒక్క మాట. అక్కగారిని ఈ సాయంత్రం డ్యూటీకి వెళ్ళొద్దనండి. వార్డుల్లో కాస్త గందరగోళంగా ఉంటుంది."

ఫోన్ పెట్టేశాడు. చిన్నికి అంతా అర్థమైంది. మందులెవరికి ఎంతో, ఆపరేషన్ ఎవరికి ఎప్పుడో, ఎవరి ఒంటికి ఏది పడదో, అన్నీ ఆ తెరల మీదే ఉంటాయి. సాయంత్రానికి వాటికి తాళం పడుతుంది, నకళ్ళు ఉండవు, ఆ తాళం తియ్యడానికి ఈ ముఠా ఎంత డబ్బు అడిగితే అంతా ఆసుపత్రి ఇచ్చుకోవాలి. ఆ దారంతా బొమ్మలు వేసి మరీ చూపించింది తనే.

అక్క అప్పటికే ఆసుపత్రికి ఫోన్ కలిపేసింది. కంప్యూటర్లు చూసుకునే ఇంజనీరు లైన్లోకి వచ్చాడు.

"బయటి తీగలన్నీ పీకెయ్యండి బాబూ, ఇప్పుడే!"

"సిస్టర్, ఎవరు చెప్పారు మీకు? మొత్తం ఆసుపత్రిని ఆపమంటున్నారు. ఊరికే ఎవరో అన్నారంటే నేను ఆపలేనండీ."

అక్క చిన్ని వైపు చూసింది. బావ చెయ్యి ఊపుతూ, "పేరెందుకే? ఎవరో తెలిసినవాళ్ళని చెప్పు, పిల్ల బతుకు పాడవుతుంది," అన్నాడు గుసగుసగా. పాడవడమే మరి. ఈ వృత్తిలో ఒక్కసారి మచ్చ పడ్డవాళ్ళని మళ్ళీ ఏ గుమ్మమూ ఎక్కనివ్వరు. వీసా మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం కూడా ఉండదు.

చిన్ని ఫోన్ లాక్కుంది. "లోపలికి వచ్చింది నేనండీ," అని తన పేరు, పని చేసే ఆఫీసు, అన్నీ చెప్పింది. "మీ పాత ఎక్స్‌రే మెషిన్ లోంచి వచ్చాను. నకళ్ళు ఉన్న పెట్టె తీగ ముందు పీకండి. తర్వాత మిగతావి."

అవతల కుర్చీ పడ్డ చప్పుడు వినబడింది, తర్వాత పరుగు, కేకలు. చాలాసేపటికి ఇంజనీరు మళ్ళీ లైన్లోకి వచ్చాడు, ఆయాసపడుతూ. నకళ్ళు దక్కాయి. వాళ్ళు తొందరపడి అప్పటికే మొదలుపెట్టారు, రెండు వార్డుల తెరలు మాత్రం నల్లబడ్డాయి. అందులో మూడోది ఒకటి. "మీరు ఎక్కడికీ వెళ్ళకండి," అన్నాడు చివర్న. అది మర్యాదగా అన్న మాట కాదు.

అక్క యూనిఫాం వేసుకుంది. ఎవరికి ఏ మందో గొణుక్కుంటూ, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ చెప్పులు తొడుక్కుంది.

"నేనూ వస్తానక్కా."

"నువ్వు రాకు," అంది అక్క, మొహం తిప్పకుండానే. "నీకోసం పోలీసులు ఇక్కడికే వస్తారు."

బావ స్కూటర్ తియ్యడానికి ఆమె వెనకే దిగాడు. ఇంట్లో చిన్ని ఒక్కతే మిగిలింది. ఎంగిలి కంచాలు అలాగే ఉన్నాయి. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు, భయం ఒక్కటే వచ్చింది.

ఫోన్ మోగింది. ఆ పెద్దమనిషే. గొంతులో కోపం ఛాయ కూడా లేదు.

"తీగలు పీకించారు కదమ్మా. పేరు కూడా చెప్పేసే ఉంటారు, చెప్పనిదే ఎవరూ పీకరు. పోనీలెండి. ఇప్పుడు మీకు లోకంలో ఎవరూ పని ఇవ్వరు. మేమిస్తాం. ఆ స్పాన్సర్‌షిప్ అలాగే ఉంది, రద్దు చెయ్యలేదు. పోలీసులు రావడానికి ఇంకా కొంచెం టైముంది. బయల్దేరతారా?"

వెంటనే ఫోన్ పెట్టేయాలని ఆమెకు తెలుసు. పెట్టేయలేదు.