ఆడవాళ్లకు చెప్పని మీటింగు

క్వారీ గోడ విరిగి పున్నయ్య మీద పడినప్పుడు మేమందరం అక్కడే ఉన్నాం. రాళ్లు తీసి శవాన్ని బయటికి లాగుతుంటే కాంట్రాక్టరు శివరామయ్య గొడుగు కింద నిలబడి, "ఈడు మా మనిషి కాదు. దారినపోయేవాడెవడో" అన్నాడు. పన్నెండేళ్లు ఆ క్వారీలో నాపరాళ్లు కొట్టిన మనిషి పున్నయ్య.

ఎనభై నాలుగు వేసవిలో, మాచర్ల దగ్గర మేం సంఘం పెట్టుకున్నది అందుకే. బయటపడితే పని పోతుంది, కాళ్లు విరుగుతాయి. కనుక మా కార్యదర్శి అబ్దుల్ జబ్బార్ నియమాలు రాశాడు. ఇద్దరు పాతవాళ్లు పూచీ పడితేనే కొత్తవాణ్ణి చేర్చుకోవాలి. మీటింగు ఎక్కడో చెవిలోనే చెప్పాలి. ఆడవాళ్లకు అసలు ఏదీ తెలియనివ్వకూడదు, వాళ్ల నోట్లో మాట దాగదు. అందరం చేతులెత్తాం, నేనూ ఎత్తాను. మాతో సమానంగా రాళ్ల తట్టలు మోసే నలభై మందిని సిగ్గు లేకుండా బయట నిలబెట్టాం.

ఒక ఆదివారం మధ్యాహ్నం క్వారీ మేస్త్రీ గురవయ్య మా సంఘంలోని మరియదాసు ఇంటికొచ్చాడు. మరియదాసు భార్య నిర్మల అరుగు మీద బియ్యం చెరుగుతోంది.

"మీ ఆయన యాడికి పోయాడమ్మా?"

"పాత సున్నపు బట్టీ కాడికి బాబాయ్. జబ్బార్ అన్నోళ్లు కూడా అటే పోయారు."

అందులో దాచాల్సింది ఉందని ఆమెకు తెలియదు. తెలియనివ్వనిది మేమే.

అరగంటలో శివరామయ్య మనుషులు కర్రలతో బట్టీ దగ్గర లారీ దిగారు. మేం పరిగెత్తాం. మరియదాసు మాత్రం మా పేర్ల పుస్తకాన్ని పాడుబావిలో పారేయడానికి వెనక్కి పోయి, అది పారేశాక దొరికిపోయాడు. ఎంత కొట్టినా ఒక్క పేరూ చెప్పలేదు. మూడో రోజు ఆసుపత్రిలో చనిపోయాడు.

పూడ్చిపెట్టి తిరిగొస్తుంటే మాలో ఒకడు, "పెళ్లాం నోరే వాణ్ణి చంపింది" అన్నాడు. నిర్మల వింది.

తర్వాతి ఆదివారం ఎవరూ పిలవకుండానే ఆమె బట్టీ దగ్గరికి వచ్చింది. వెనక తట్టలు మోసే ఆడవాళ్లంతా ఉన్నారు.

"నా మాట వల్లే పోయాడు. కాదనను. బతికినన్నాళ్లూ అది నన్ను తింటానే ఉంటది" అంది నిర్మల. "కానీ చెప్పొద్దని మీలో ఒక్కరన్నా నాకు చెప్పారా అన్నా? చెప్పుంటే నా పీక కోసినా నోరిప్పేదాన్నా?"

జబ్బార్ తల ఎత్తలేకపోయాడు. "తప్పు మాదేనమ్మా" అని ఏడ్చాడు. మాకు మాత్రం ఏడుపు రాలేదా?

ఆ ఆడవాళ్లలో అందరికన్నా పెద్దదైన హజ్రా బీ ముందుకొచ్చింది. "ఏడుపు తరవాత. కొత్త పుస్తకం తియ్. మా పేర్లు రాసి, గట్టిగా చదువు. ఆ శివరామయ్యకి ఇనపడనీ."

మర్నాడు పొద్దున ఎవరూ తట్ట ఎత్తలేదు, గునపం పట్టలేదు. అందరం క్వారీ దారికి అడ్డంగా కూర్చున్నాం. ఎండ నెత్తికెక్కేసరికి పోలీసులు వచ్చారు.

"సంఘంలో ఉన్నోళ్లనే తీసకపోతాం. లేనోళ్లు లేచి ఇళ్లకి పోండి" అన్నాడు ఎస్సై.

ఎవరూ లేవలేదు. మాలో ఆరుగురు అప్పటికింకా సంఘంలో చేరలేదని నాకు తెలుసు. జబ్బార్‌కీ తెలుసు. ఆ ఆరుగురూ నిర్మల వెనకే పోలీసు వ్యాను ఎక్కారు.